పడవలో ఇంటి మాట

వానలు వెనకబట్టాక నదికి బుద్ధొస్తుంది. అప్పటిదాకా ఒళ్ళూ పై తెలీకుండా, చెట్లనీ చెత్తనీ ఈడ్చుకుంటూ, అడ్డొచ్చిన వాళ్ళనల్లా హడలగొడుతూ పారింది ఇదేనా అనిపిస్తుంది. ఒడ్డున రాళ్ళ మీద నిలువెత్తున బురద చార మిగిలుంటుంది, నీళ్ళు మాత్రం ఎక్కడో కిందకి దిగిపోయి, ముందు చిక్కటి టీ రంగులోకి, తర్వాత పల్చటి ఆకుపచ్చలోకి తిరుగుతాయి. గాలం వేసేవాళ్ళకి ఏడాది మొత్తానికీ ఇవే రోజులు. ఎక్కువ కాలం ఉండవు కూడా. చలి ముదిరిందంటే చేపలు మడుగుల అడుక్కి పోయి మూతి ముడుచుకుని పడుకుంటాయి, అప్పుడు కాళ్ళు పట్టుకుని బతిమాలినా పైకి రావు.

అందుకే ఆ శనివారం సాయంత్రం ఫోను మోగగానే లిఫ్టు మెకానిక్‌కి అదెవరో తెలిసిపోయింది. అతనప్పుడు ఒక ఆసుపత్రి భవనంలో, లిఫ్టు గుంతలో, మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతులనిండా గ్రీజు. మోచేత్తో ఫోను నొక్కి చెవి దగ్గరకి వంగాడు.

"నీళ్ళు తేరుకున్నాయి అల్లుడుగారూ!" అన్నారు మామగారు. పలకరింపూ లేదు పాడూ లేదు. "మోచేతి దాకా ముంచితే గోళ్ళు కనిపిస్తున్నాయి. రేపు వచ్చెయ్యండి. సన్న దారం తెచ్చుకోండి, లావుది వేశామంటే చేపలు మనల్ని చూసి నవ్వుకుంటాయి."

"అలాగే మామయ్యగారూ."

"టోపీ మర్చిపోకండి. పోయినసారి మాడి మసైపోయారు."

అంతే, పెట్టేశారు. మా అమ్మాయి ఎలా ఉంది అనలేదు. ఎండాకాలం నుంచీ అనడం లేదు. దాంతో లిఫ్టు మెకానిక్ ఏమనుకున్నాడంటే, పాపం పెద్దాయనకి ఇంకా ఏమీ తెలీదనుకున్నాడు.

తెలియాల్సింది చిన్న సంగతేం కాదు. అతనూ పెద్దాయన కూతురూ విడిపోతున్నారు. వచ్చే వారమే ఆఖరి సంతకాలు. ఆవిడ కారు నడపడం నేర్పే బడి నడుపుతుంది, మాటంటే మాట, బ్రేకంటే బ్రేకు. ఇతనేమో నలుగురు కూర్చున్న చోట గోడలో కలిసిపోయే మనిషి. ఎవరిదీ తప్పు కాదు, ఇద్దరిదీ తప్పే. ఒకరోజు ఆవిడ విసిగి, "నీతో ఉంటే లిఫ్టులో ఇరుక్కున్నట్టుంది" అంది. అప్పుడైనా ఊరుకోవచ్చుగా ఈ మహానుభావుడు? "ఇరుక్కుంటే గంట నొక్కి కూర్చోవాలి. అరవకూడదు" అన్నాడు. అతను నిజంగా సలహా చెప్పాననే అనుకున్నాడు. ఆ రాత్రే ఆవిడ పెట్టె సర్దుకుంది.

వకీలుకి మాత్రం ఈ కేసు తెగ నచ్చేసింది. "పిల్లల్లేరు, ఆస్తుల్లేవు, తగువు లేదు. పంచుకోవడానికేమీ లేదు కదండీ, చిటికెలో అయిపోతుంది" అన్నాడు. మామగారి సంగతేమిటని ఆ వకీలూ అడగలేదు, వీళ్ళూ అడగలేదు.

నిజం చెప్పొద్దూ, భార్య పోతోందన్న ఏడుపు అతను ఎండల్లోనే ఏడ్చేశాడు. ఇప్పుడు గుండెల మీద కూర్చున్నది వేరే. పెళ్ళయిన దగ్గర్నుంచీ, ఎండల్లోనూ, ఏటా నీళ్ళు తేరుకునే ఈ రోజుల్లోనూ, ప్రతి ఆదివారం అతను మామగారి పడవలో ముందు చెక్క మీద కూర్చున్నాడు. తండ్రితో కూడా అంత సేపు కూర్చుని ఎరగడు. సంతకం పెట్టిన మర్నాడు అతను ఎవరికి అల్లుడు? ఏ మొహం పెట్టుకుని ఆ పడవెక్కుతాడు? చెప్పకుండా దాచి ఇంకో నాలుగు ఆదివారాలు సంపాదించుకోవడం అంటే పెద్దాయన్ని మోసం చెయ్యడం. చెప్తే ఆ రోజే ఆఖరు. మింగలేక కక్కలేక చచ్చిపోతున్నాడు పాపం.

పైగా ఆ పడవలో చెప్పే వీలు కూడా లేదు.

మామగారిది సెలూను. మూడు కుర్చీలు, నిలువెత్తు అద్దాలు, మూల ఒక రేడియో. మంగలి కుర్చీలో కూర్చుని మెడకి తువ్వాలు కట్టించుకున్న మనిషికి నోట్లో నువ్వుగింజ నానదు. అన్నదమ్ముల తగాదాలు, అత్తల ఆగడాలు, కూతుళ్ళ ప్రేమలు, అన్నీ అక్కడే కక్కుతారు. వారమంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ ఆయన చెవుల్లోంచి నడుచుకుంటూ పోతాయి. అందుకని తన భార్య చనిపోయిన ఏడాది ఆయన ఒక శాసనం చేశారు. పడవ తాడు విప్పాక ఇంటి మాట ఎత్తకూడదు. నీళ్ళ గురించి, గాలి గురించి, ఎర గురించి, చేపల గురించి ఎంతైనా మాట్లాడొచ్చు. ఎవరైనా పొరపాటున "మా ఇంట్లో..." అన్నారా, ఆయన గాలం చుట్టేసి తెడ్డు అందుకుంటారు. ఒకసారి సెలవురోజున పక్క కుర్చీ పనివాణ్ణి తీసుకెళ్తే, వాడు తోడల్లుడి మీద ఏదో చాడీ మొదలెట్టాడట. నడి నదిలోంచి వెనక్కి తెచ్చి దింపేశారు. అప్పట్నుంచి అల్లుణ్ణి తప్ప ఎవర్నీ పడవెక్కించలేదు.

ఆదివారం తెల్లవారేసరికి మెకానిక్ సెలూను వెనక ఇంటి తలుపు తట్టాడు. లోపల సబ్బు వాసన. గొడుగులుండాల్సిన మూల గాలాలు. వంటింట్లో చల్లగా ఉండే కింది అరలో, మూతకి చిల్లులు పొడిచిన పౌడరు డబ్బా నిండా ఎర్రలు, తడిమట్టిలో కదులుతూ. మామగారు అప్పటికే టోపీ పెట్టుకుని, ఫ్లాస్కులో టీ పోస్తున్నారు.

"రండి రండి. రాత్రి మంచు దిగింది చూశారా? పొద్దున్నే చేపలు పడవు. ఎండెక్కాక చూస్కోండి నా సామిరంగా!"

"మామయ్యగారూ, పడవెక్కేలోపు ఒక మాట..."

"టోపీ ఏది?"

టోపీ మర్చిపోయాడు. పెద్దాయన తలకొట్టుకుని లోపలికెళ్ళి, దండేలన్నీ వెతికి, తన పాత టోపీ ఒకటి తెచ్చి దుమ్ము దులిపి ఇచ్చారు. ఇంతలో చెప్పాల్సిన మాట గొంతులోంచి మళ్ళీ కడుపులోకి జారిపోయింది. పడవరేవు మెట్లు దిగేటప్పుడు ఇంకోసారి నోరు తెరిచాడు. పెద్దాయన వంగి నీళ్ళలో చెయ్యి పెట్టి, "ఆహా, చల్లబడింది" అంటూ చంటిపిల్ల నుదురు చూసినట్టు చూస్తుంటే, ఎలా చెప్తాడు చెప్పండి. తాడు విప్పేశారు.

పడవ మహా అయితే తలుపంత వెడల్పు. ముందొక చెక్క, వెనకొక చెక్క. మూడో మనిషి ఎక్కితే నీళ్ళు లోపలికొస్తాయి. నది అక్కడ అవతలి ఒడ్డు మీద మనిషి గుర్తు పట్టలేనంత వెడల్పు. పొగమంచు నీళ్ళ మీదనే ఉంది. పెద్దాయన తెడ్డు వేస్తూ పైవైపుకి కొంత దూరం తీసుకెళ్ళి, మడుగు అంచున లంగరు దించారు.

"ఇక్కడ ఏమీ దొరకవు," అన్నారు ఉత్సాహంగా. "అయినా ఒకసారి వేసి చూద్దాం."

దొరకలేదు. ఈ రోజుల్లో చేపకి బద్ధకం, పొద్దున్నే లేవదు. రాత్రి చలికి నీళ్ళు పైన చల్లబడి, అడుగున ఇంకా పాత వెచ్చదనం ఉంటుంది, అవి దాన్ని వదలవు. ఎండ ఏటవాలుగా పడి, ఒడ్డు పక్కన లోతు తక్కువ నీళ్ళు వేడెక్కాక చిన్న చేపలు అక్కడికి మేతకొస్తాయి. వాటి వెనకాల పెద్దవి. ఆ వచ్చే దారి పట్టుకున్నవాడు మొనగాడు, లేనివాడు టీ తాగి ఇంటికి పోతాడు. ఇదంతా పెద్దాయన ఏటా చెప్తారు, మెకానిక్ ఏటా మొదటిసారి విన్నట్టు వింటాడు. అందులో నటన లేదు. ఆ గొంతు వినడమే అతనికి కావాలి.

ఎండెక్కింది. మంచు విడిపోయింది. వాగు వచ్చి నదిలో కలిసే చోటికి పడవ మార్చారు. అక్కడ వాగు నీళ్ళు తేటగా, నది నీళ్ళు ఇంకా కాస్త మసగ్గా, రెండిటికీ మధ్య గీత గీసినట్టు ఉంది.

"ఆ గీత మీద వెయ్యండి. ఇవతలొద్దు, అవతలొద్దు. మీ నీడ నీళ్ళ మీద పడుతోంది, కాస్త వంగండి."

వంగాడు. సీసపు గుండు చిన్నది వేశాడు, నీళ్ళ మీద తేలే బెండు దారం మీద కిందకి జరిపాడు. లోతు నడుం దాకా ఉంటుందేమో. కాసేపటికి బెండు వణికింది. ఒక ఎర్రరెక్కల చేప పడింది, అరచెయ్యంత. ఇంకొకటి. పెద్దాయన మొహం వెలిగిపోయింది. "చూశారా? అంతా మేత మీదికొచ్చాయి! ఇక సాయంత్రం దాకా మనకి పండగే."

మెకానిక్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఇంత మంచి రోజు రాకపోయినా బాగుండేది, గాలివానైనా బాగుండేది. ఈ ఎండలో, ఈ నీళ్ళ మీద, ఈ మనిషికి అబద్ధం చెప్తూ కూర్చోవడం కంటే ఏదైనా నయం. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడిందిలే అనుకున్నాడు.

"మామయ్యగారూ. శాసనం తప్పుతున్నా. మీరు నన్ను దింపేసినా సరే."

సరిగ్గా అప్పుడే పెద్దాయన బెండు గుభుక్కున మునిగింది. కర్ర వంగిపోయింది. రీలు గిర్రున తిరిగి దారం పరిగెత్తింది. అది అరచెయ్యంతది కాదని ఇద్దరికీ తెలిసిపోయింది.

"జెల్ల!" అన్నారు పెద్దాయన పళ్ళ మధ్య నుంచి. "పెద్దది. చేతివల అందుకోండి."

మెకానిక్ వల అందుకున్నాడు. వల చేత్తో పట్టుకునే అన్నాడు. "మీ అమ్మాయీ నేనూ విడిపోతున్నాం. వచ్చే వారమే సంతకాలు."

"తెలుసు," అన్నారు పెద్దాయన, రీలు తిప్పుతూ.

"తెలుసా?"

"ఎండాకాలంలోనే తెలుసు. మీ వకీలు దగ్గర గుమస్తా నా కుర్చీలోనే గడ్డం గీయించుకుంటాడు. మెడ మీద కత్తి ఉన్నప్పుడు మనిషి అబద్ధం చెప్పడండీ." చేప ఎడమకి లాగింది, ఆయన కర్ర కుడికి వంచారు. "తర్వాత అమ్మాయీ చెప్పింది. నేనేమీ అనలేదు. ఎందుకంటే మీరు వస్తున్నారుగా."

"నేను రావడమేంటి?"

"ఆదివారం ఆదివారం మీరు వస్తూనే ఉన్నారు. కోపం ఉన్నవాడైతే ఏరు దాటి తెప్ప తగలేసినట్టు మొహం చాటేస్తాడు కదా. మీరలా చెయ్యలేదు. అంటే మనసులో ఇంకా ఏదో ఉందన్నమాటే. నేనేదైనా అడిగితే ఆ ఉన్నది కాస్తా చెడుతుందేమోనని నోరు కుట్టేసుకు కూర్చున్నా. అమ్మాయికీ అదే చెప్పా. వానలు తగ్గుతుంటే వచ్చి, 'నాన్నా, ఈ ఏడు నీతో పడవలో నేనొస్తా' అంది. వద్దన్నా. ఆదివారాలు అతనికుండనీ తల్లీ, అతను ఈ గుమ్మం తొక్కుతున్నంత కాలం మీ ఇద్దరికీ దారి మూసుకుపోలేదన్నా. ఏడ్చింది. ఏడిస్తే ఏడ్చిందిలే, తర్వాత నాకే దణ్ణం పెడుతుందనుకున్నా."

ఇంత మాట ఆ పడవలో ఆయన ఎన్నడూ మాట్లాడలేదు. ఎన్నాళ్ళ నుంచి మోస్తున్నారో. చూశారా మరి, శాసనం ఎంత పని చేసిందో! ఇల్లు ముంచే మాట నీళ్ళలో ఎత్తకూడదని ఇద్దరూ పెదవి కరుచుకు కూర్చుంటే, ఒకాయన తెలీదనుకున్నాడు, ఇంకొకాయన ఆశ పెంచుకున్నాడు. ఒకే చెక్క పడవలో కూర్చుని తలో నదిలో తేలారు ఇన్నాళ్ళూ.

మెకానిక్ వల పక్కన పెట్టేశాడు.

"నేను తన కోసం రావట్లేదు మామయ్యా," అన్నాడు. గారు అనడం మర్చిపోయాడు. "మీ కోసం వస్తున్నా. తనూ నేనూ అయిపోయింది. నిజంగానే అయిపోయింది. నాకు మిమ్మల్ని వదలాలని లేదు, అంతే. వేరే ఏమీ లేదు."

రీలు ఆగిపోయింది. దారం సడలింది. నీళ్ళ కింద ఏదో తెల్లగా పొట్ట తిప్పి, ఒక్క గుంజు గుంజుకుని వెళ్ళిపోయింది. పెద్దాయన చూడను కూడా లేదు. జీవితమంతా గాలం వేసిన మనిషి, అంత చేప పోతే ఒక్క తిట్టయినా తిట్టలేదు.

"అయితే ఇక అమ్మాయి మీ ఇంటికి రాదు."

"రాదు మామయ్యా."

"సరే," అన్నారు. వంగి రెండు చేతులతో నీళ్ళు తీసుకుని మొహం మీద కొట్టుకున్నారు. మళ్ళీ కొట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. మెకానిక్ ఎటో చూడబోయి, ఎటు చూసినా నీళ్ళేగా, చివరికి ఆయన్నే చూశాడు. ఓదార్చడం రాదతనికి. టీ పోసి ఇచ్చాడు. ఆయన తీసుకున్నారు.

టీ సగమయ్యాక పెద్దాయన కూతురి గురించి చెప్పడం మొదలెట్టారు. శాసనం ఎలాగూ గంగలో కలిసిందిగా.

"ఆ ముందు చెక్క దానిదే తెలుసా మీకు. ఇంత పిల్లప్పట్నుంచీ. మూతి మీద బురద, చేతిలో ఎర్రలు, వాళ్ళమ్మ తిట్లు. బెండు వణక్కుండానే చేప వచ్చిందని చెప్పేది, నాకే అర్థమయ్యేది కాదు. పెళ్ళయిన కొత్తలో మీరు ఆదివారం పూట ఇంట్లో బిక్కమొహం వేసుకుని కూర్చునేవాళ్ళట. 'నాన్నా, ఓ రెండు వారాలు ఇతన్ని తీసుకెళ్ళు, నాకు చేపల వాసన విసుగొచ్చింది' అంది. వాసనా లేదు, వల్లకాడూ లేదు. మీరు నవ్వుతూ ఇంటికెళ్ళారట ఆ రోజు. అది చూసి ఇంక అడగలేదు. మీరూ మానలేదు."

మెకానిక్ కూర్చున్న చెక్క వైపు చూసుకున్నాడు. మధ్యలో అరిగి నున్నగా అయిపోయి ఉంది. అదంతా తన అరుగుదలే అనుకుంటూ వచ్చాడు ఇన్నేళ్ళూ. చేపల వాసన పడని మనిషని నలుగురికీ చెప్పి నవ్వాడు కూడా. ఒక్కసారి అడిగి ఉంటే పోయేదేముంది? సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మామగారి దగ్గర తన చోటు పోతుందని ఇన్నాళ్ళూ కుమిలాడు కానీ, ఆ చోటు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఆలోచించనేలేదు.

ఎదురుగా వాగు మూతిలో చేపలు ఎగురుతున్నాయి. ఎండ పసుప్పచ్చగా తిరిగింది. ఏడాదిలో ఇలాంటి మధ్యాహ్నాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గాలం వేసేవాడెవడూ ఇప్పుడు లంగరు ఎత్తడు, ఇంటికి నిప్పంటుకుందన్నా ఎత్తడు. మెకానిక్ ఫోను తీశాడు.

"ఎవరికి?" అన్నారు పెద్దాయన.

అతను చెప్పేలోపే అవతల ఆవిడ ఎత్తింది. "నేనే," అన్నాడు. "రేవుకి రా. మీ నాన్న పడవ దగ్గరికి. త్వరగా." అనవసరంగా ఒక్క మాట ఎక్కువ మాట్లాడడు కదా, పెట్టేశాడు. పెట్టేశాక లంగరు తాడు లాగడం మొదలెట్టాడు.

"పిచ్చెక్కిందా మీకు! ఇప్పుడు మేత మీదుంటే..."

"ఆవిడ చోటు ఆవిడకిచ్చేద్దాం మామయ్యా. చీకటి పడేలోపు ఇంకా చాలా టైముంది."

"మరి మీరో?"

మెకానిక్ తెడ్డు అందుకుని, రేవు వైపు తిరిగాడు. పెద్దాయన దారి పొడుగునా తల వంచుకుని గాలపు కొక్కేన్ని వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నారు.

వాళ్ళు రేవు చేరేసరికి, నెత్తిన 'నేర్చుకుంటున్నాం, దూరంగా ఉండండి' అనే బోర్డుతో కారొకటి ఒడ్డు మీద కీచుమంది. ఆవిడ మెట్లు రెండేసి దిగుతూ వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాన్నకేమైంది?"

"ఏమీ కాలేదు. చేపలు మేత మీదున్నాయి."

"ఏంటీ?" ఆవిడ తండ్రిని ఎగాదిగా చూసి, బతికే ఉన్నాడని రూఢి చేసుకుని, అప్పుడు మొదలెట్టింది. "ఆ ముక్క ఫోన్లో ఏడవలేవా? పాఠం మధ్యలో పెద్దావిణ్ణి రోడ్డు పక్కన దింపేసి వచ్చాను! గుండాగి చచ్చేదాన్ని! మనిషివా నువ్వు?"

"తప్పే," అన్నాడు మెకానిక్. ఖాళీ ఫ్లాస్కుతో పడవలోంచి దిగి, తాడు చేతికి చుట్టుకున్నాడు. "వాగు మూతి దగ్గర. నీళ్ళు కలిసే గీత మీద. జెల్ల ఒకటి తప్పిపోయింది, పెద్దది. మళ్ళీ వస్తుంది."

ఆవిడ ఇంకా తిట్టబోయి ఆగింది. "లోతెంత?"

"నడుం దాకా."

"ఏ దారం?"

"సన్నది. గుండు ఒకటే, చిన్నది. ప్రవాహం లేదు."

"నీడ ఎటు పడుతోంది?"

"ఇప్పుడు వెనక్కి. నీకు ఇబ్బందుండదు."

రెండేళ్ళలో వాళ్ళిద్దరూ పోట్లాడుకోకుండా ఇంత సేపు మాట్లాడుకున్నది లేదు. ఆవిడ చెయ్యి దానంతటదే గాలపు కర్ర మీదికి వెళ్ళి, కొసని వేలితో వంచి చూసింది. చూసి, అప్పుడు అర్థమైనట్టు తలెత్తింది.

"నీకెందుకు ఇదంతా?"

"అది నీ చోటు. నాకు తెలీదు."

"నువ్వెప్పుడైనా అడిగావా?"

"అడగలేదు. అదే నా తప్పు."

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, కోపమో మరేమో. "నాన్న నీ వైపనుకున్నా," అంది మెల్లగా.

"ఆయన మనిద్దర్నీ కలపాలని చూశారు. కుదరదని ఇవాళ చెప్పేశా."

ఆవిడ తండ్రి వైపు చూసింది. ఆయన తెడ్డు వైపు చూస్తున్నారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, పడవ ఊగకుండా సరిగ్గా మధ్యలో కాలు పెట్టి ఎక్కింది. అలా ఎక్కడం మెకానిక్‌కి ఏడేళ్ళయినా రాలేదు. తలమీది పాత టోపీ తీసి ఆవిడకి అందించాడు. పెట్టుకుంది.

పెద్దాయన తెడ్డు నీళ్ళలో పెట్టారు. మెకానిక్ పడవ అంచు పట్టుకుని ముందుకి తోశాడు. ఆ పడవని ఒడ్డు మీంచి చూడటం అతనికదే మొదటిసారి. అయిపోయింది అనుకున్నాడు. మంచిపనే చేశాననుకున్నాడు, అనుకుంటే మాత్రం బాధ ఆగుతుందా? ముందు చెక్క మీద ఆవిడ, వెనక చెక్క మీద ఆయన, మూడో మనిషికి అందులో చోటు లేదు. పెద్దాయన ఇంతవరకూ తన వైపు తలెత్తి చూడనేలేదు. ఆయన కోపం న్యాయమే. ఆశపెట్టి ఆశపెట్టి ఇవాళ కదా నీళ్ళు చల్లాడు.

పడవ కాస్త కదిలి ఆగిపోయింది. పెద్దాయన గట్టిగా తెడ్డు వేశారు. అయినా కదల్లేదు.

"అల్లుడు గా..." అన్నారు ఆయన తలెత్తి. అని ఆగిపోయారు. వచ్చే వారం నుంచి ఆ మాట చెల్లదని ఆ రేవులో ఉన్న ముగ్గురికీ తెలుసు. ఆయన నోరు తెరిచే ఉంది, పిలవడానికి పిలుపు లేదు. కూతురు నీళ్ళ వైపుకి మొహం తిప్పుకుంది. మెకానిక్ తల దించుకున్నాడు.

"ఒరేయ్!"

రేవు మారుమోగింది. మెకానిక్ ఉలిక్కిపడి ఎవరినా అని వెనక్కి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"నిన్నేరా! తాడు చేతికి చుట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడతావేంట్రా, వదులు! అక్కడ చేపలు పోతున్నాయి!" పెద్దాయన గొంతు బొంగురుపోయింది, మొహం ఎర్రగా కందిపోయింది, అయినా అరుస్తూనే ఉన్నారు. "ఇంటికి పో. తాళంచెవి గుమ్మం మీద ఉంటుంది. టీ పెట్టుకు తాగు. నేనొచ్చేదాకా ఎక్కడికీ పోకు, విన్నావా? ఎక్కడికీ పోకు!"

ఏడేళ్ళు. 'మీరు' తప్ప ఇంకో మాట ఆ నోటి నుంచి అతను వినలేదు. సొంత తండ్రి కూడా అంత అధికారంగా అతన్ని ఎప్పుడూ తిట్టలేదు.

చేతికి చుట్టుకున్న తాడు విప్పి పడవలోకి విసిరాడు. పడవ నది మధ్యకి వెళ్ళేదాకా మెట్ల మీద కూర్చుని, చూసేవాళ్ళేమనుకుంటారోనన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని, ఆయన ఫ్లాస్కు చంకన పెట్టుకుని, ఆయన ఇంటికి వెళ్ళాడు.